గడ్డం కింద కొవ్వు కరిగించే ఇంజెక్షన్ల తరువాత వాపు, ఉండలు, వంకర నవ్వు: వీటిలో ఏది మామూలు?

పెన్నా_తీరం | ఆదివారం, రాత్రి 9.15

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు, ఉద్యోగరీత్యా బెంగళూరులోని మారతహళ్లిలో ఉంటున్నాను. గడ్డం కింద పేరుకున్న కొవ్వు కోసం ఇక్కడి ఒక సౌందర్య చికిత్సా కేంద్రంలో ఇంజెక్షన్లు చేయించుకున్నాను. కోత ఉండదనీ, మరునాడే ఆఫీసుకు వెళ్లవచ్చనీ చెప్పారు. మరునాటికి దవడ దగ్గర నుంచి గొంతు వరకు ఎంతగా ఉబ్బిందంటే, వీడియో కాల్‌లో చూసిన మా అమ్మ గవదబిళ్లలు వచ్చాయా అని అడిగింది.

ఇప్పుడు రెండో వారం నడుస్తోంది. వాపు సగానికి పైగా తగ్గింది కానీ మూడు ఇబ్బందులు మిగిలాయి. గడ్డం కింద చర్మం మొద్దుబారి, చున్నీ రాసుకున్నా తెలియడం లేదు. వేలితో నొక్కితే లోపల బఠాణీ గింజలంత గట్టి ఉండలు చేతికి తగులుతున్నాయి. అన్నిటికంటే భయపెడుతున్నది మూడోది: నవ్వినప్పుడు కింది పెదవి కుడివైపు కిందికి దిగుతోంది, ఎడమవైపు దిగడం లేదు. నోరు మూసి ఉన్నంతసేపు ఎవరికీ ఏమీ కనిపించదు. ఫోన్ చేస్తే ‘అన్నీ మామూలే మేడమ్, రెండో సిట్టింగుకు వచ్చేయండి’ అంటున్నారు. ఇవన్నీ నిజంగా మామూలేనా?

హెచ్ఎస్ఆర్_బాబాయి | ఆదివారం, రాత్రి 9.50

రోజూ పొద్దున్నే కాసేపు నడిస్తే కరిగిపోయే కొవ్వుకు సూదులు ఎందుకు తల్లీ? 2022లో ఇదే బెంగళూరులో కొవ్వు తీయించుకోబోయి ఒక టీవీ నటి ప్రాణాలే పోగొట్టుకుంది కదా. పిల్లలు ఈ ప్రకటనలు చూసి మోసపోతుంటే బాధగా ఉంటుంది.

కోలారు_కోడలు | ఆదివారం, రాత్రి 10.20

బాబాయి గారూ, మీ మాటలో అభిమానం ఉందని తెలుసు కానీ, ఆ అమ్మాయి ఇప్పుడు అడుగుతున్నది నడక గురించి కాదు.

చెల్లీ, నేను ఇదే చికిత్స కొన్నేళ్ల కిందట ఇందిరానగర్‌లో ఒక చర్మవైద్యురాలి దగ్గర చేయించుకున్నాను. వాపు నాకూ అలాగే వచ్చింది. మొదటి మూడు రోజులు మెడ చుట్టూ దుపట్టా కప్పుకునే ఆఫీసుకు వెళ్లాను. మొద్దుబారడం నెలన్నర దాకా ఉంది. అది పోయే ముందు అక్కడ చీమలు పాకుతున్నట్టు ఉండేది, అప్పుడే స్పర్శ తిరిగి వస్తోందని అర్థమైంది. ఉండలు కూడా వాటంతట అవే కరిగిపోయాయి. అయితే నాకు మూతి వంకర రాలేదు. కాబట్టి ఆ ఒక్క విషయాన్ని మాత్రం నా అనుభవంతో కొలుచుకోకు, డాక్టరుకు నేరుగా చూపించు.

జయనగర_చర్మవైద్యుడు | సోమవారం, ఉదయం 7.05

నేను చర్మవైద్యుడిని, ఈ చికిత్స చేస్తుంటాను కూడా. చూడకుండా రోగ నిర్ధారణ చేయలేను కనుక, ఇది మీ సందేహాలను ఒక వరుసలో పెట్టడానికి రాస్తున్నదే తప్ప వైద్య సలహాకు బదులు కాదు.

ముందుగా బాబాయి గారి రెండు మాటలకు జవాబు చెప్పాలి. గడ్డం కింది కొవ్వు చాలామందిలో వంశపారంపర్యంగా వస్తుంది. ఒళ్లంతా సన్నగా ఉన్నవారిలో కూడా అది కదలదు. ఇక 2022 నాటి విషాదం శస్త్రచికిత్సకు సంబంధించినది. దాన్ని, ఈ ఇంజెక్షన్లను ఒకే గాటన కట్టడం సరికాదు. అలాగని ఇంజెక్షన్లు ఏ ప్రమాదమూ లేనివని కూడా కాదు.

ఈ చికిత్సకు ప్రామాణికమైన మందు డీఆక్సీకోలిక్ ఆమ్లం. మన పేగుల్లోని సూక్ష్మజీవులు పిత్తరసం నుంచి తయారు చేసే పదార్థమే ఇది, తిన్న కొవ్వును విడగొట్టడానికి శరీరం దీన్ని వాడుకుంటుంది. ప్రయోగశాలలో తయారైన ఇదే ఆమ్లాన్ని చర్మం కింది కొవ్వు పొరలోకి ఎక్కిస్తే కొవ్వు కణాల పొర పగిలిపోతుంది. ఆ చెత్తను ఎత్తివేయడానికి శరీరం తన తెల్లకణాలను పంపిస్తుంది, ఆ జాగాలో కొంత కొత్త పీచు కణజాలం కూడా ఏర్పడుతుంది. మీకు బయటికి కనిపించే వాపు, మంట, ఎరుపు, చేతికి తగిలే గట్టిదనం చాలావరకు ఈ పని జరుగుతున్న గుర్తులే. ఒక్క చిక్కు ఏమిటంటే, ఈ మందుకు కొవ్వు కణం, ఇతర కణం అనే విచక్షణ పూర్తిగా లేదు. ప్రొటీన్లు ఎక్కువగా ఉండే చర్మం, కండరం దగ్గర దాని తీవ్రత కొంత తగ్గుతుంది, అంతే. అందుకే సూది ఏ లోతుకు, ఏ చోటికి వెళ్లిందన్నదే అసలు సంగతి.

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందును కైబెల్లా అనే పేరుతో 2015 ఏప్రిల్‌లో గడ్డం కింది కొవ్వుకు మాత్రమే ఆమోదించింది. దానికి ముందు జరిగిన పరీక్షల్లో మందు తీసుకున్నవారిలో 87 శాతం మందికి వాపు, 72 శాతం మందికి కమిలిన మచ్చలు, 70 శాతం మందికి నొప్పి, 66 శాతం మందికి మొద్దుబారడం, 23 శాతం మందికి గట్టిపడటం కనిపించాయి. కనుక మీరు చెప్పిన మొదటి రెండింటినీ మీ చికిత్సా కేంద్రం వారు మామూలే అన్నారంటే నేను కాదనను. కానీ నవ్వు వంకర కావడాన్ని కూడా ఆ జాబితాలోనే కలిపేయడం నాకు నచ్చలేదు.

ముఖానికి వెళ్లే ఏడవ కపాల నాడి నుంచి చీలిన ఒక సన్నని కొమ్మ దవడ ఎముక అంచు వెంబడి ముందుకు సాగి, కింది పెదవిని కిందికి లాగే కండరాలకు అందుతుంది. మందు ఆ నరాన్ని తాకితే మీరు వర్ణించినట్టే నవ్వు ఒక పక్కకు లాగుతుంది. ఈ కారణంగానే దవడ అంచుకు కింద 1 నుంచి 1.5 సెంటీమీటర్ల మేర ఎక్కడా సూది వేయకూడదన్న నియమం ఉంది. ఎఫ్‌డీఏ ఆమోదానికి ఆధారమైన పరీక్షల్లో 4 శాతం మందికి ఈ నరం దెబ్బతింది. అందరికీ తగ్గింది కానీ ఒకరికి ఒక రోజులో, మరొకరికి 298 రోజుల్లో. మధ్యస్థంగా చూస్తే 44 రోజులు పట్టింది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. మెడ మీద పల్చని పొరలా పరుచుకున్న ప్లటిస్మా కండరం బలహీనపడినా నవ్వు ఇలాగే కనిపించవచ్చు. అలిగిన పిల్లల్లా కింది పెదవిని బయటికి తిప్పమని మేము అడుగుతాం. తిప్పగలిగితే కారణం ప్లటిస్మా కావచ్చు, తిప్పలేకపోతే దవడ నరాన్ని అనుమానిస్తాం. అద్దం ముందు మీరే తేల్చుకోకుండా, చర్మవైద్యులకో, ప్లాస్టిక్ సర్జన్‌కో, నాడీ వైద్యులకో ఈ వారంలోనే చూపించండి.

మింగడం కష్టమైనా, ఊపిరి ఆడకపోయినా, గొంతు మారినా, చర్మం బూడిద రంగుకో నలుపుకో తిరిగినా, ఊదారంగు వల లాంటి మచ్చ తీవ్రమైన నొప్పితో కనిపించినా, జ్వరంతో ఎరుపు పాకుతున్నా ఈ చర్చలో జవాబు కోసం చూడవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఎవరైనా ‘విరుగుడు ఇంజెక్షన్ ఉంది’ అని హైలురోనిడేస్ వేయబోతే అంగీకరించవద్దు. అది ముఖంలో నింపే జెల్ లాంటి ఫిల్లర్లను కరిగించేది. ఈ మందుకు విరుగుడు లేదు.

చివరగా మూడు ప్రశ్నలు. మీకు ఇచ్చిన మందు పేరేమిటి? ఎన్ని మిల్లీలీటర్లు ఎక్కించారు? సూది వేసింది డాక్టరేనా?

పెన్నా_తీరం | సోమవారం, మధ్యాహ్నం 1.30

ఇంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు డాక్టరు గారూ. మింగడంలో, ఊపిరిలో ఇబ్బంది లేదు, జ్వరమూ లేదు. బిల్లు తీసి చూశాను. ‘ఫ్యాట్ డిజాల్వ్ – 3 సిట్టింగులు’ అని, దాని పక్కన మొత్తం, కింద జీఎస్టీ మాత్రమే ఉన్నాయి. మందు పేరు ఎక్కడా లేదు. డాక్టరు మొదట వచ్చి పరీక్షించి వెళ్లిపోయారు. సూదులు వేసింది తెల్లకోటులో ఉన్న వేరే అమ్మాయి. చర్మం మీద పెన్నుతో చుక్కల గళ్లు ఏమీ గీయలేదు, వేలితో పట్టి చూసుకుంటూ వేసింది.

మందుల_షాపు_మూర్తి | సోమవారం, మధ్యాహ్నం 2.45

అమ్మా, బీటీఎం లేఅవుట్‌లో మందుల దుకాణం నడుపుతున్న ఫార్మసిస్టుని. ఆ బిల్లు చదివితే నాకు కోపం వచ్చింది. తలనొప్పి మాత్రకు కూడా పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ రాసి ఇచ్చే దేశంలో, మెడలోకి ఎక్కించే మందుకు ‘ఫ్యాట్ డిజాల్వ్’ అని రాసి పంపుతారా?

‘కొవ్వు కరిగించే ఇంజెక్షన్’ అన్నది మందు పేరు కాదు. ఆ మాట చాటున చాలా రకాలు అమ్ముడవుతున్నాయి. ఒకటి డాక్టరు గారు చెప్పిన డీఆక్సీకోలిక్ ఆమ్లం. ఇంకొకటి దానితో ఫాస్ఫాటిడైల్‌కోలిన్ అనే కొవ్వు పదార్థం కలిపిన పాత మిశ్రమం. దీన్ని లైపోడిజాల్వ్ పేరుతో ప్రచారం చేస్తున్న సంస్థలకు 2010లోనే అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరిక లేఖలు పంపింది. మూడో రకంలో ఏమేం కలుస్తాయో అమ్మేవారికే తెలియాలి. 2023 డిసెంబరులో అదే ఎఫ్‌డీఏ అక్వాలిక్స్, లైపోడిజాల్వ్, లైపో ల్యాబ్, కేబెలిన్ వంటి పేర్లు చెప్పి, ఇవి తాము ఆమోదించినవి కావనీ, వీటి తరువాత శాశ్వతమైన మచ్చలు, తీవ్రమైన ఇన్ఫెక్షన్లు, చర్మం ఆకారం చెడిపోవడం, తిత్తులు, లోతైన నొప్పి గడ్డలు వచ్చినట్టు సమాచారం అందిందనీ ప్రజలను హెచ్చరించింది. మీకు వేసింది వాటిలో ఒకటని నేను అనడం లేదు. ఏది వేశారో తెలియకుండా ‘అన్నీ మామూలే’ అన్న మాటకు విలువ లేదని మాత్రం అంటున్నాను.

ఖాళీ సీసా పారేసి ఉంటారు. అయినా వారి స్టాకు పుస్తకంలో కొన్న బిల్లు, బ్యాచ్ నంబరు ఉండాలి. రాతపూర్వకంగా అడగండి. లేబుల్ ఫోటో వస్తే పదార్థాల పేర్లు, దిగుమతి చేసుకున్న సంస్థ చిరునామా, దిగుమతి లైసెన్సు నంబరు ఉన్నాయో లేదో చూడండి. విదేశీ మందు మీద మన దేశపు దిగుమతిదారు వివరాలు లేవంటే అది సరైన దారిలో వచ్చిన సరుకు కాదు.

బ్రహ్మచారి_బొమ్మనహళ్లి | సోమవారం, రాత్రి 11.10

నేనూ ఇలాంటి సూదులే వేయించుకున్నాను. ఉండల గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ‘వాటంతట అవే పోతాయి’ అన్న ధైర్యంతో నేను చాలాకాలం ఊరుకున్నాను.

నాకు వాపు తగ్గింది, ఉండలూ తగ్గాయి, అంతా బాగుందనుకున్నాను. నెల కావస్తుండగా సూది పడిన చోట్లలోనే రెండు కొత్త గడ్డలు లేచాయి. మొదటి ఉండలు గట్టిగా, చర్మం రంగులోనే ఉండేవి. ఇవి ఎర్రబడి, తాకితే వేడిగా ఉండి, కొన్ని రోజులకు మధ్యలో మెత్తబడ్డాయి. గడ్డం గీసుకుంటుంటే ఒకటి పగిలి పల్చటి చీము వచ్చింది. చికిత్సా కేంద్రంలో యాంటీబయాటిక్ కోర్సు ఇచ్చారు, తగ్గలేదు. ఇంకోటి ఇచ్చారు, అదీ పనిచేయలేదు. చీమును ల్యాబుకు పంపితే రెండు రోజుల్లో ‘ఏమీ పెరగలేదు’ అని రిపోర్టు వచ్చింది. దాంతో లోపల మిగిలిన మందు గడ్డకట్టిందని తేల్చి, స్టిరాయిడ్ సూది వేద్దామన్నారు.

అదృష్టవశాత్తూ మా అక్క ఒత్తిడి మీద ఒక మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో చూపించాను. అక్కడి డాక్టరు గడ్డల్ని చూడగానే మైకోబ్యాక్టీరియా కోసం ప్రత్యేకంగా కల్చర్ (చీములోని క్రిములను ల్యాబులో పెంచి చూసే పరీక్ష) పెట్టమని రాశారు. వారం తరువాత మైకోబ్యాక్టీరియమ్ అబ్సెసస్ అని వచ్చింది. క్షయ క్రిమికి దగ్గరి చుట్టమే అయినా క్షయ కాదట. కుళాయి నీటిలో, మట్టిలో బతుకుతుందట. మామూలు మందులకు లొంగదు. ఒకటికి మించిన మందులు నెలల తరబడి వాడాను, ఒక గడ్డను కోసి శుభ్రం చేశారు. ఇప్పుడు తగ్గింది కానీ రెండు గుంట మచ్చలు మిగిలాయి, గడ్డం పెంచుకుని కప్పుకుంటున్నాను.

క్రిమి ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ రుజువు చేయలేదు. నా కళ్లతో చూసింది మాత్రం ఇది: అప్పటికే తెరిచి ఉన్న సీసాలోంచి నాకు మందు తీశారు, సూదులు వేశాక సింకు దగ్గర తడిపి తెచ్చిన గుడ్డలో ఐసు చుట్టి గడ్డం కింద పెట్టారు.

జయనగర_చర్మవైద్యుడు | మంగళవారం, ఉదయం 6.50

ఇది చాలా విలువైన అనుభవం, నేను రాయవలసి ఉండి వదిలేసిన భాగం కూడా ఇదే. మొదటి వారాల్లో వచ్చి క్రమంగా మెత్తబడుతూ చిన్నదయ్యే ఉండ ఒక రకం. మధ్యలో బాగుండి, వారాల తరువాత కొత్తగా లేచే ఎర్రని గడ్డ వేరే రకం. రెండోదాన్ని ఇన్ఫెక్షన్ కాదని తేలేవరకు ఇన్ఫెక్షన్‌గానే చూడాలి. మామూలు కల్చరును రెండు రోజులకే ముగిస్తారు కాబట్టి ఈ క్రిములు అందులో దొరకకపోవచ్చు. ఏ క్రిమి కోసం వెతకాలో డాక్టరు చీటీలో రాయాలి. అది తేలకముందు స్టిరాయిడ్ సూది వేస్తే ఇన్ఫెక్షన్‌కు దారి తెరిచినట్టే అవుతుంది. పెన్నా_తీరం గారూ, మీ ఉండలను మర్దన చేయవద్దు, వేడి కాపడం పెట్టవద్దు. వారానికోసారి ఒకే వెలుతురులో ఫోటో తీసి ఉంచుకోండి.

హెచ్ఎస్ఆర్_బాబాయి | మంగళవారం, ఉదయం 8.30

మూడు సిట్టింగులకు ముందే డబ్బు కట్టించుకున్నారు కదా, మిగిలిన రెండింటి సంగతేమిటి? తిరిగి ఇవ్వమని అడగవచ్చా? ఇది తెలిసినవారు ఎవరైనా చెప్పండి.

వకీలు_వసంతనగర్ | మంగళవారం, రాత్రి 8.05

అడగవచ్చు. కానీ డబ్బుకంటే ముందు కాగితాలు చేతికి రావాలి. 2002 నాటి భారత వైద్య మండలి నిబంధనల ప్రకారం రోగి అడిగిన 72 గంటల్లోగా వైద్య రికార్డులు ఇవ్వాలి. కేస్ షీటు, అంగీకార పత్రం, వాడిన మందు పేరు, బ్యాచ్ నంబరు, మోతాదు, సూది వేసిన వ్యక్తి పేరు, అర్హత కావాలని ఈమెయిలులో అడగండి. ఫోనులో మాట్లాడితే రేపు ఆధారం ఉండదు. కర్ణాటకలో ప్రైవేటు వైద్య కేంద్రాలన్నీ 2007 నాటి చట్టం కింద నమోదు కావాలి, ఆ ధ్రువపత్రం లోపల అందరికీ కనిపించేలా పెట్టాలి. అది ఉందా, ఉంటే ఏ రకమైన కేంద్రంగా నమోదైందో చూసి ఫోటో తీసుకోండి. డాక్టరు పేరు కర్ణాటక మెడికల్ కౌన్సిల్ జాబితాలో ఉందో లేదో సరిచూసుకోవచ్చు. మిగిలిన సిట్టింగుల డబ్బు, పరిహారం కోసం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్లే వీలుంది. అయితే దుష్ఫలితం వచ్చినంత మాత్రాన నిర్లక్ష్యం రుజువైనట్టు కాదు. ఆ ప్రమాదం గురించి మీకు ముందే చెప్పారా లేదా, అర్హత ఉన్నవారే వేశారా లేదా అన్న దాని మీదే వాదన నిలుస్తుంది.

పెన్నా_తీరం | తరువాతి ఆదివారం, సాయంత్రం 6.40

అందరి సలహాలూ పాటించాను, జరిగింది రాస్తున్నాను.

ఒక ప్లాస్టిక్ సర్జన్ చూశారు. నా పెదవిని రకరకాలుగా కదిలించమన్నారు: ఈల వేసినట్టు, కింది పళ్లన్నీ చూపినట్టు, అలిగినట్టు. అలిగినట్టు పెట్టమన్నప్పుడు ఎడమ పక్క కదల్లేదు. దవడ నరమే మందు తాకిడికి నీరసించిందని, పూర్తిగా తెగిన సూచనలు లేవని, కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో తిరిగి రావచ్చని చెప్పారు. అవసరమైతే కుడి పక్క కండరాన్ని కొంతకాలం సడలించే బొటాక్స్ కొద్దిగా వేసి నవ్వును సమం చేయవచ్చట, దానికి ఇప్పుడు తొందరపడనన్నాను. రెండో సిట్టింగు మాట ఎత్తవద్దని గట్టిగా చెప్పారు.

ఈమెయిలు పంపాక చికిత్సా కేంద్రం వారి ధోరణి మారింది. ముందు మేనేజరు, తరువాత డాక్టరు స్వయంగా ఫోన్ చేశారు. చివరికి లేబుల్ ఫోటో వచ్చింది. మూర్తి గారు చెప్పిన బ్రాండు పేర్లలో ఏదీ దాని మీద లేదు. దిగుమతిదారు చిరునామా కూడా లేదు. పదార్థాల జాబితాలో మొక్కల సారాల పేర్లు ముందు, డీఆక్సీకోలేట్ (డీఆక్సీకోలిక్ ఆమ్లపు లవణం) అన్న మాట చివర్లో ఉంది, ఎంత శాతమో రాయలేదు. కేస్ షీటులో మోతాదు గడి ఖాళీగా ఉంది.

మందుల_షాపు_మూర్తి | ఆదివారం, రాత్రి 7.25

ఆ ఫోటోను భద్రంగా ఉంచండి. దానితోపాటు మందుల దుష్ఫలితాలను నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి తెలియజేయండి. టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024. రోగులు స్వయంగా నింపే ఫారం ఉంటుంది, తెలుగులోనూ దొరుకుతుంది. మందు పేరు తెలియకపోతే లేబుల్ మీద ఉన్నది ఉన్నట్టు రాయండి. దిగుమతిదారు వివరాలు లేని సరుకు కనుక, కర్ణాటక ఔషధ నియంత్రణ విభాగానికి వేరుగా ఒక ఫిర్యాదు ఇవ్వడం మంచిది. ముసాయిదా కావాలంటే నేను రాసిపెడతాను.

కావేరి_కట్ట | ఆదివారం, రాత్రి 9.00

ఈ చర్చ మొత్తం చదివాను. నేను కూడా ఇదే చికిత్సకు వచ్చే వారం పేరు నమోదు చేసుకున్నాను. నాకు థైరాయిడ్ మాత్రలు నడుస్తున్నాయి, గడ్డం కింద నిండుగా ఉండటం గత ఏడాది నుంచే మొదలైంది. డాక్టరు గారు ఏమంటారు?

జయనగర_చర్మవైద్యుడు | సోమవారం, ఉదయం 7.10

ఏడాదిలో కొత్తగా వచ్చిన నిండుదనమంతా కొవ్వే అనుకోకూడదు. థైరాయిడ్ గ్రంథి పెరిగినా, లాలాజల గ్రంథులు కిందికి జారినా, లింఫు గ్రంథులు వాచినా, ఉత్త చర్మం వదులైనా అద్దంలో ఒకేలా కనిపిస్తుంది. వీటిలో దేనికీ ఈ మందు పనిచేయదు, పైగా చర్మం వదులుగా ఉన్నవారికి కొవ్వు పోయాక ఇంకా వేలాడినట్టు కనిపించవచ్చు. ముందు ఎండోక్రినాలజిస్టుకు (హార్మోన్ గ్రంథుల వైద్యుడికి) చూపించి మెడ అల్ట్రాసౌండ్ అవసరమేమో అడగండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా, మింగడంలో ముందునుంచే ఇబ్బంది ఉన్నా, మెడకు పూర్వం శస్త్రచికిత్స జరిగి ఉన్నా ఆ మాట దాచవద్దు.

అవన్నీ సరిగా ఉండి, చేయించుకోవాలనే అనుకుంటే, మూత తీయని సీసాను మీ ఎదుటే తెరవమనండి, దాని లేబుల్‌ను ముందే ఫోటో తీసుకోండి. ప్రామాణికమైన పద్ధతిలో సెంటీమీటరు దూరంలో చుక్కలు పెట్టి ఒక్కో చుక్క దగ్గర 0.2 మిల్లీలీటర్లు వేస్తారు, ఒక సిట్టింగులో 50 చుక్కలు, 10 మిల్లీలీటర్లు దాటకూడదు, రెండు సిట్టింగుల మధ్య కనీసం నెల ఉండాలి, మొత్తం ఆరుకు మించకూడదు. ఈ లెక్కలు అడిగినందుకు విసుక్కునే చోట మీ మెడను అప్పగించకండి. వచ్చే వారం అపాయింట్‌మెంటును మాత్రం ఈరోజే వాయిదా వేయించండి.